పిటో గొట్టంలో మట్టి

విమానం ముక్కు దగ్గరో రెక్క కిందో చిన్న గొట్టం ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని పిటో గొట్టం అంటారు. ఎదురుగాలి దాని ముందు బెజ్జంలోకి ఎంత గట్టిగా నెడితే విమానం అంత వేగంగా పోతున్నట్టు లెక్క. ఇంత పెద్ద విమానం అంత చిన్న బెజ్జాన్ని నమ్ముకుని ఎగరడమేమిటని నాకు ఇప్పటికీ విడ్డూరమే. నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెబుతాను. మా ల్యాబ్‌లోనూ అలాంటి గొట్టం ఉంది. పెద్ద ఫ్యాన్ మూతి ముందు దాన్ని బిగిస్తాం. దానికి తగిలించిన గాజునాళంలో నీళ్లు ఎంత ఎక్కితే గాలి అంత వేగంగా వీస్తున్నట్టు.

నిరుడు, నెక్కొండ నుంచి రోజూ రైలెక్కి వచ్చే ఒకమ్మాయి ప్రాజెక్టుకు ఆ గొట్టాన్నే ఎంచుకుంది. ఆమె తెచ్చిన రీడింగులు చూడగానే నాకు ఒళ్లు మండింది. ఫ్యాన్ ఎంత పెంచినా గాలి వేగం దాదాపు సున్నా!

“ఫ్యాన్ వేయకుండానే రైల్లో కూర్చుని రాశావా?” అన్నాను, అందరి ముందే.

“లేదు మేడం, చూసిందే రాసిన. నీళ్లు కదలలె.”

“నీళ్లు కదల్లేదో, నువ్వే కదల్లేదో! సంతకం పెట్టను, పో.”

సంతకం లేకపోతే వైవాకు కూర్చోనివ్వరు. వైవా పోతే ఏడాది పోయినట్టే. ఆ సంగతి తెలిసే అన్నాను. ఆమె ఏడవలేదు, ఫైలు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు క్లాసులో విమాన ప్రమాదాల దర్యాప్తు గురించి చెబుతున్నాను. శకలాల్లోంచి ఈ గొట్టాన్ని ఏరి, లోపల మంచు పట్టిందా, మట్టి చేరిందా, తొడుగు తీయడం మరిచారా అని చూస్తారు. బెజ్జం మూసుకుపోతే, విమానం పైకెక్కే కొద్దీ పైలట్ ముందు వేగం చూపించే ముల్లు, వేగం పెరిగినట్టు అబద్ధం చెబుతుంది. అది నమ్మి పైలట్ వేగం తగ్గిస్తే విమానం గాలిలో నిలవలేక కూలుతుంది. అందరూ పైలట్‌దే తప్పని అనేసుకున్నాక ఒక్కోసారి గొట్టం అసలు సంగతి బయటపెడుతుంది. ఆ మాట అంటూ అంటూ ఆగిపోయాను. చివరి వరుసలో ఆ అమ్మాయి తలొంచుకుని నోట్సు రాసుకుంటోంది. నాకు సిగ్గేసింది.

క్లాసు కాగానే ల్యాబ్‌కు వెళ్లి బెజ్జంలో గుండుసూది పెట్టాను. ఓరి దేవుడా, ఎండిన మట్టి! మట్టి వెనక సన్నటి పచ్చ పురుగులు. కందిరీగ తన పిల్ల కోసం దాచిన తిండి. కానీ వాడనప్పుడు ఆ బెజ్జానికి రబ్బరు మూత ఉండాలే, ఇది ఎలా దూరింది?

మట్టెవాడ నుంచి వచ్చి ల్యాబ్ ఊడ్చే అక్క చీపురు పడేసి ఉరికొచ్చింది. “అయ్యో మేడం, గా గూడునెందుకు పొడిసినవ్!”

మూత తీసింది ఆమేనట.

“పాపం, గా కందిరీగ దాని సుట్టే తిరుగుతాంటే సూడలేక తీసిన. అది గూడు కడితే కడుపు పండుతదంటరు గదా. నా బిడ్డ పెండ్లయి ఆరేండ్లాయె. ఇల్లయితేంది, కాలేజయితేంది, నా కండ్ల ముంగట కట్టింది.”

ఆమెను ఏమనగలను? నా కోపమంతా ముందురోజే ఆ పిల్ల మీద ఖర్చయిపోయింది. అక్క రాలిన మట్టిబెడ్డలను ఏరి కొంగున కట్టుకుంది.

అమ్మాయిని పిలిచి, తిట్టిన ఆ క్లాసు ముందే చెప్పాను. “నీ రీడింగులు నిజం. తప్పు నాది. సారీ అమ్మా.” సంతకం కూడా అక్కడే పెట్టి, గొట్టం ఆమె చేతికిచ్చాను. ఆమె గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు లోపలికి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

“నేనంటే బతికే ఉన్న మేడం. గా పైలట్లు సచ్చిపోయినంక తెలిస్తే, సారీ ఎవలకు చెప్తరు?”