ఆకుపచ్చలో చెరువు ఉండదండి

ఈమధ్య మా ఇంట్లో కందిపప్పు ఉడకడం లేదు. ఎన్ని విజిల్స్ వచ్చినా గింజ గింజలాగే, ఏమీ చదవకుండా పరీక్షకొచ్చిన కుర్రాడిలా, నిబ్బరంగా కూర్చుంటోంది. ముందు అమలాపురం కొట్టువాణ్ణి అనుమానించి, రావులపాలెం నుంచి తెప్పించాను. తరవాత కుక్కర్ గ్యాస్కెట్ మార్చాను. ఆపైన కుక్కరే మార్చాను. "ఇంకా మార్చాల్సినవేమైనా ఉన్నాయేమో చూడండి, నేనెలాగూ ఇక్కడే ఉన్నాను," అంది మా ఆవిడ. ఆ పప్పు సంగతికి మళ్ళీ వస్తాను.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పి ఇంటికొచ్చాక నాకున్న వ్యసనం ఒకటే. వీధి అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని, అంతరిక్షంలో తిరిగే వీడియో గేమ్ ఆడతాను. ఎవరూ చూడని గ్రహం దగ్గరికి ఓడలో వెళ్ళి, పైనుంచి దాని మీదికి చిన్న చిన్న యంత్రాలు విసరాలి. అవి కొలిచి చెప్పినదాన్ని బట్టి గ్రహం రంగులు పూసుకుంటుంది. నీలమైతే అక్కడ మొక్కా మోడూ లేనట్టే. ఆకుపచ్చ అయితే ఉండొచ్చు. పసుపైతే ఉండడానికి బాగా వీలుంది.

కొత్తలో పసుపు కనిపిస్తే చాలు, దిగిపోయేవాణ్ణి. చూస్తే రాళ్ళు. ఇంకోచోట దిగితే ఇంకో రకం రాళ్ళు. ఆ రంగు మొక్క ఉందని చెప్పదనీ, మొక్కకి నచ్చే నేల అని మాత్రమే చెబుతుందనీ అర్థమవడానికి కొన్ని వారాలు పట్టింది. ఉందో లేదో దిగి, నడిచి, చూసుకోవలసిందే.

ఈ ఆటకి ఒకే ఒక ప్రేక్షకుడు మా బాబాయ్, అంటే మా నాన్నగారి తమ్ముడు. ఆయన ఇల్లు మా వీధిలోనే. మా పెరటి గోడ అవతల ఉన్న కొబ్బరితోట ఆయనదే. సాయంత్రం మా అరుగు మీద కాఫీ తాగకపోతే ఆయనకి రోజు గడిచినట్టు ఉండదు.

"ఆ పసుపంతా ఏంట్రా?" అన్నాడు ఒకసారి.

"అక్కడ మొక్కలుండొచ్చని, బాబాయ్."

"ఉండొచ్చా, ఉన్నాయా?"

"ఉండొచ్చు."

"పెళ్ళిళ్ళ పేరయ్య మాటన్నమాట. కుర్రాడికి ఉద్యోగం రావొచ్చు, పొలం కలిసి రావొచ్చు. మేం చూడని మ్యాపులేంట్రా ఇవి."

నిరుడు వేసవికి ముందు మా ఊరి పంచాయతీ ఆఫీసు గోడకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. రొయ్యల చెరువులు ఎక్కడ తవ్వుకోవచ్చో, ఎక్కడ కూడదో చూపించే రంగుల మ్యాపు. దాని ముందు నిలబడ్డవాళ్ళకి తమ ఇల్లెక్కడుందో కూడా తెలియలేదు. "ఆ రంగుల ఆటాడే మాస్టారిని పిలవండి" అన్నారు ఎవరో. నా చదువుకి ఊళ్ళో దక్కిన మొదటి గౌరవం అది. వెళ్ళి విడమరిచి చెప్పాను. నీలంలో చెరువు తవ్వుకోవచ్చు. ఆకుపచ్చ వరికీ కొబ్బరికీ, అక్కడ చెరువు కుదరదు. మా ఇల్లు, మా పెరట్లో తాతల నాటి నుయ్యి, గోడ అవతల బాబాయ్ తోట, అన్నీ ఆకుపచ్చలోనే ఉన్నాయి.

నాకు కావలసింది ఆ నుయ్యి. సముద్రం ఇంత దగ్గరలో ఉన్నా, దాని నీళ్ళు కొబ్బరినీళ్ళకి చుట్టాల్లా ఉండేవి. పక్కన ఉప్పునీటి చెరువు వస్తే ఆ చుట్టరికం తెగిపోతుంది. బాబాయ్ తోటని రొయ్యలకి లీజుకిమ్మని బయటివాళ్ళెవరో తిరుగుతున్నారని అప్పటికే ఊరంతా అనుకుంటోంది. ఆయనకీ కారణాలున్నాయి. కాయ అమ్మితే దింపుకూలికి సరిపోవడం లేదు. తోటకి అవతలి రెండు పక్కలా, నీలంలో, చెరువులు ముందే వచ్చాయి.

నేనడగలేదు. ఆయన చెప్పలేదు. మా వైపు మర్యాద అలాంటిది. ఇబ్బందైన మాట వచ్చేలా ఉంటే ఇంకొంచెం కాఫీ పోయిస్తాం. పైగా మ్యాపులో ఆకుపచ్చ ఉండగా, పెద్దాయనతో నేనెందుకు చెడ్డ కావాలనుకున్నాను.

వేసవిలో తోటలోకి పొక్లెయిన్ వచ్చింది. చెట్లు ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు మా వంటింట్లోకి వినిపించింది. మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి కుర్ర ఉద్యోగి చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేసి, కంప్యూటర్‌లో మా ఊరు తెరిచాడు.

"మీది గ్రీనేనండి. ఏం భయం లేదండి."

"మా గోడ పక్కన తవ్వుతున్నారండి."

అతను తెరని పెద్దది చేసి చూశాడు. "ఇక్కడేం తవ్వట్లేదండి."

"నేను ఆ పొక్లెయిన్ పక్కనుంచే వచ్చేనండి."

"ఆయ్. కానండి, ఆకుపచ్చలో చెరువు ఉండదండి."

"ఒకసారి వచ్చి చూస్తే?"

"చూడ్డానికి రావాలంటే పైవాళ్ళు చెప్పాలండి. పైవాళ్ళకీ ఇదే మ్యాపండి."

మా ఆటలో ఎంత పనికిమాలినవాడైనా గ్రహం మీదికి ఒకసారి దిగుతాడు. ఆ మాట అతనికి చెప్పలేదు. టీ కూడా ఇప్పించాడు, పాపం.

ఆ సాయంత్రం బాబాయ్ యథాప్రకారం వచ్చాడు.

"ఎండలు ముదిరేయిరా."

"అవును బాబాయ్."

గోడ అవతల పొక్లెయిన్ విషయంలో మేమిద్దరం చెవిటివాళ్ళం. చెరువు పూర్తయింది, ఉప్పునీళ్ళు పెట్టారు, రొయ్యపిల్లని వదిలారు. మేం మామిడికాయల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నాం.

వానలు వెళ్ళాక సబ్బు నురగ రావడం మానేసింది. సబ్బు మార్చాను. తరవాతే పప్పు ఉడకడం మానేసింది. ఫిజిక్సు చదివినవాణ్ణి, కొట్టువాడి దగ్గర మొదలుపెట్టి గ్యాస్కెట్ దాకా వెళ్ళాను కానీ నూతి దాకా వెళ్ళలేదు. మా ఆవిడ ఒకనాడు క్యాన్ నీళ్ళు కొని వాటితో పప్పు పెట్టింది. వెన్నలా ఉడికింది. గిన్నె తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

ఆఫీసు గోడ మీద ఫ్లెక్సీ ఇంకా ఉంది. ఎండకి ఆకుపచ్చలో కలిసిన పసుపు ఎగిరిపోయి, అదంతా నీలంగా మారింది. ఆ మ్యాపు నిజం చెప్పడం అదే మొదలు.

మొన్న సాయంత్రం నేను పసుపు గ్రహమొకటి చూసి దిగాను. రాళ్ళు. బాబాయ్ పక్కన కూర్చుని కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు వంక చూశాడు.

"ఇవాళ కాఫీ బాగుందమ్మా."

"క్యాన్ నీళ్ళు, చినమావయ్యగారూ," అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

ఆయన ఇంకో గుక్క తాగాడు. "మా ఇంట్లోనూ అవేనమ్మా," అన్నాడు తరవాత. కాఫీ పూర్తిచేసి, గ్లాసు కింద పెట్టి, నా వైపు కాకుండా తెర మీది రాళ్ళ వైపు చూస్తూ అన్నాడు.

"ఆఫీసుకైతే వెళ్ళేవు. రోజూ ఇక్కడే కూర్చునేవాణ్ణి కదరా, వద్దు బాబాయ్ అని నాతో ఒక్కసారి అనలేదేం?"