చాచా అడిగిన రంగు

మంగళవారం పొద్దున్నే అల్వాల్ నుంచి చాచీ ఫోన్ చేసింది. "మీ చాచా పోయిన్రు బేటా. ఫజర్ నమాజ్ చదివి కూసున్నరు, కూసున్నట్టే..." అని ఆగిపోయింది.

రెజిమెంటల్ బజార్‌లో నా టాటూ గదికి సరిగ్గా కింద ఉన్న మ్యాచింగ్ సెంటర్ ఆయనది. చీరకు సరిపడే జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్స్ అమ్మేవారు. ఆయన నాకు చుట్టం కారు, చదువు చెప్పిన మాస్టారూ కారు. అయినా ఈ రోజు నా నాలుగు వేళ్ళు నోట్లోకి పోతున్నాయంటే అందులో ఆయన చలవ చాలా ఉంది. బదులుగా ఆయన నన్నడిగింది ఒక్కటే, ఒక గుడ్డముక్క చూసి చెప్పమని. తీరా కావలసిన రోజున నేను చూడలేదు.

ఐదేళ్ళ కిందట ఆ గది అద్దెకు తీసుకున్నాను. మా వాళ్ళు కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. ఆడపిల్ల ఒళ్ళు పొడిచే పని పెట్టుకుందని ఇంట్లో మూతి విరుపులు. పని బాగానే చేసేదాన్ని, ఫోటోలే ఏడ్చినట్టు వచ్చేవి. ఫోటో చూసి జనం వచ్చే వ్యాపారం నాది. చేతిమీద నెమలి చక్కగా వాలేది, తీరా ఫోన్ ఫ్లాష్ కొట్టగానే మలాము రాసిన చర్మం మీద తెల్లగా మెరుపు పడి నెమలికి తల ఉండేది కాదు. చూసినవాళ్ళు చెప్పారని గుండ్రటి లైటు కొన్నాను. అప్పుడు ఆ లైటు మెరుపే నెమలి మెడలో తెల్లటి కంకణంలా పడింది.

ఆ గోడు వెళ్ళబోసుకోవడానికి ఒక మధ్యాహ్నం కిందికి దిగాను. చాచా ఒకావిణ్ణి గడప బయటికి పంపిస్తున్నారు, చీరా జాకెట్టు గుడ్డా చేతికిచ్చి. "ఎండల వద్దమ్మా, జెర ఇటు, నీడల నిలబడి చూడు. ట్యూబ్‌లైట్ మస్కా కొడ్తది, ఎండ దబాయిస్తది. నీడ ఒక్కటే నిజం చెప్తది." తర్వాత అడిగారు, "పగటి పెండ్లా, రాత్రి పెండ్లా?" రాత్రి పెళ్ళయితే గుడ్డ ఒక ఛాయ ముదురుగా ఇచ్చేవారు.

నా సంగతి విని పైకొచ్చారు. గది చూసి నవ్వారు. "ఏందీ బేటా, గిట్ల రెండు తీర్ల లైట్లు పెట్టినవ్? ఒకటి పచ్చగ, ఒకటి తెల్లగ. చెయ్యి సగం పసుపు రాసినట్టు, సగం జొరమొచ్చినట్టు కొడ్తుంది." పచ్చబొట్లు తమ మతంలో కూడదని మాత్రం ముందే చెప్పేశారు. "అది మా మజహబ్‌ల మనా ఉంది, నన్నడగకు. లైటు సంగతి అడుగు, చెప్తా."

పసుపు బల్బూ, గుండ్రటి లైటూ ఆర్పించారు. మోండా మార్కెట్ నుంచి ఒకే రకం తెల్ల ఎల్ఈడీ బల్బులు రెండు, హోల్డర్లు, ఒక థర్మాకోల్ అట్ట, బట్టల క్లిప్పులు తెప్పించారు. ఒక సినిమాకు వెళ్ళొచ్చినంత ఖర్చు కూడా కాలేదు. దుకాణంలోంచి పల్చటి తెల్ల మల్‌మల్ గుడ్డ రెండు గజాలు తెచ్చి బల్బులకు మూరెడు దూరంలో తీగకు క్లిప్పులు పెట్టి వేలాడదీశారు. తన మోచేతి మీద సాటిన్ గుడ్డ పరిచి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూపించారు. "ముందల నుంచి లైటు కొడితే మెరుపు కనబడ్తది. పక్క నుంచి, గుడ్డల నుంచి వస్తే రంగు కనబడ్తది. తోలు సుత సాటినే అనుకో." రెండోవైపు నీడ మరీ నల్లబడకుండా థర్మాకోల్ అట్ట నిలబెట్టారు. చెయ్యి కింద నల్ల లైనింగు పరవమన్నారు. మలాము తుడిచి ఫోటో తీశాను. నెమలికి తలొచ్చింది.

ఆ తర్వాత కూడా ఫోటో చూపిస్తే బొటనవేలితో బొమ్మ మూసేసి, చుట్టూ ఉన్న చర్మం మాత్రం చూసేవారు. "తోలు తోలు లెక్క ఉంది. ఇగ బొమ్మ నీ ఇష్టం." అంతకు మించిన మెప్పు నాకు ఎవరి దగ్గరా దొరకలేదు.

పోయిన ఏడాది నుంచి చాచా తరచుగా పైకి రావడం మొదలుపెట్టారు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కేవారు. మోకాళ్ళ నొప్పులనుకున్నాను. చేతిలో రెండు గుడ్డముక్కలుండేవి. "నీ లైటు కింద చూద్దామని తెచ్చిన. చెప్పు బేటా, రాణీ కలరా, మెజెంటానా?" గురువుగారు పరీక్ష పెడుతున్నారని నేను మురిసిపోయేదాన్ని. కరెక్టుగా చెబితే తలూపి దిగిపోయేవారు. ఒకటి రెండుసార్లు వేళాకోళంగా, "మీకు తెలియనిదా చాచా, మీరే చెప్పండి" అన్నాను. ఆయన నవ్వి అక్కడే నిలబడేవారు, నేను చెప్పేదాకా.

మాఘమాసం పెళ్ళిళ్ళ రోజులు. ఫోన్‌లో ఫోటోలు దిద్దుకుంటున్నాను. "ఇది రామా గ్రీనేనా బేటా, ఈ చీరకు కలుస్తదా జెర చూడు" అన్నారు. తల ఎత్తకుండానే, "కలిసింది చాచా, బాగుంది" అన్నాను. ఆయన దిగి వెళ్ళారు. కాసేపటికి కింద గుడ్డ చించిన చప్పుడు వినిపించింది.

వారం తర్వాత ఆ చీర తాలూకు అమ్మాయి కుట్టించుకున్న జాకెట్టు పట్టుకొచ్చి దుకాణంలో కేకలు వేస్తోంది. నీలం కలిసిన రామా గ్రీన్ చీరకు నల్లగా ముదిరిన బాటిల్ గ్రీన్ జాకెట్టు. "ఎల్లుండి నిశ్చితార్థం! కండ్లున్నయా మీకు?" అంటోంది. నేను మెట్ల మీద నిలబడి వింటున్నాను. "నా గల్తీ అమ్మా" అన్నారు చాచా. నన్ను చూశారు, నా పేరు ఎత్తలేదు. ఆ గుడ్డ నేను బాగుందన్న గుడ్డేనని నాకు తట్టనైనా తట్టలేదు. పైగా, ఆమె వెళ్ళాక, "ఏంటి చాచా, మీరు కూడా తప్పు చేస్తారా?" అని నవ్వాను. "ఉమర్ అయితుంది కదా బేటా, ముసలోణ్ణి" అన్నారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. కొన్నాళ్ళకు షట్టర్ దించేశారు. అడిగితే, ఇక విశ్రాంతి అన్నారు. నేను నమ్మాను.

మూడో రోజు జియారత్ ప్రార్థనలకు అల్వాల్ వెళితే చాచీ చెప్పింది. "సుగర్‌తోటి కుడి కన్ను పోయి రెండేండ్లాయె. ఎడమది సుత మసకనే. రంగులమ్మేటోడికి కండ్లు లేవంటే దుకాణానికి ఎవరొస్తరని ఎవ్వలికీ చెప్పనియ్యలే. ఫికర్ చెయ్యకు, పైన బేటా ఉంది, ఆమె లైటుంది, దుకాణం నడుస్తది అనేటోళ్ళు. ఆ పచ్చ జాకెట్ లొల్లి అయినంక మనసు విరిగి దుకాణం బంద్ చేసిన్రు. ఎవరు చూసి చెప్పిన్రని అడిగిన. చెప్పలే."

"నేనే చాచీ. చూడకుండా చెప్పాను."

ఆమె నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

ఆయన వచ్చింది పరీక్ష పెట్టడానికి కాదు, కళ్ళు అరువడగడానికి. అందుకు సిగ్గుపడి దానికి పాఠం వేషం వేశారు. వెలుగు ఎటు నుంచి రావాలో చెప్పిన మనిషికి చీకటి పడుతుంటే, ఆయన పెట్టించిన దీపాల కిందే కూర్చుని నేను గమనించలేదు. తల ఎత్తి ఉంటే చాలు, ఒక్క క్షణం పని.

నిన్న గదికి వెళ్ళాను. మూసిన షట్టర్ ముందు, గడప పక్క నీడలో ఒకావిడ నిలబడి ఉంది. ఒక చేతిలో చీర, ఒక చేతిలో జాకెట్టు గుడ్డ. "చాచా లేరా అక్కా? వేరేకాడ తీసుకున్న, ఆయనకొకసారి చూపిద్దామని వచ్చిన" అంది. పోయారని చెప్పాను. ఆమె అయ్యో అని, రెండూ నా చేతిలో పెట్టింది. "పోనీ మీరన్న చూడున్రి. కలిసిందా?"

కళ్ళు నిండిపోయి రెండూ ఒక్క రంగులాగే కనబడుతున్నాయి. పైటతో తుడుచుకుని, నీడలోకి ఇంకో అడుగు జరిగి, గుడ్డను చీర మీద పరిచాను.

"ఉండమ్మా," అన్నాను, "చూస్తున్నాను."