పది నంబరు గుంట

ఆ షెడ్డులో కార్లు బాగుచేసే మెకానిక్‌కి తన జ్ఞాపకం మీద లేని నమ్మకం పనిముట్ల సొరుగుల మీద ఉంది. పై సొరుగులో నట్లు విప్పే సాకెట్లు, కింది దాంట్లో పానాలు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా ఉంటాయి. ఒక్కోదానికీ స్పాంజిలో సరిగ్గా దాని కొలతకే గుంట కోసి పెట్టాడు. బానెట్ మూసే ముందు చేతులు వెనక్కి కట్టుకుని, పెదాలు కదుపుతూ గుంటలన్నీ చూస్తాడు. ఒక్కటి ఖాళీగా కనబడినా ఆ సాకెట్ ఇంజన్లోనే ఎక్కడో ఉండిపోయిందని అర్థం. అది దొరికేదాకా బండిని కదలనివ్వడు. "సొరుగుతో కబుర్లయ్యాయా?" అని భార్య వేళాకోళం చేస్తుంది.

ఇవాళా అలాగే చూశాడు. అన్నీ నిండుగానే ఉన్నాయి. ఇంజన్‌కి కొత్త బెల్టు వేయించుకున్న కారు ఒకటి పిల్లాపాపలతో కొండదారి పట్టింది. తీరా సొరుగు మూయబోతుంటే పది నంబరు సాకెట్ తళుక్కుమంది. ఏళ్లనాటి నూనె మరక దాని మీద లేదు.

"ఇదెక్కడిది?"

"మీరు భోంచేస్తుంటే ఆ గుంట ఖాళీగా కనబడింది. మళ్లీ తిండి మానేసి వెతుక్కుంటారని కొత్తది తీసి పెట్టాను," అంది భార్య, మెచ్చుకుంటాడనుకుని.

పాతది ఇంజన్లో ఆ బెల్టు పక్కనే ఉండిపోయిందన్నమాట; తిరిగేటప్పుడు అందులో పడితే బెల్టు తెగుతుంది. కారు ఓనరుకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపి చెవిన పెట్టుకుని, రెండో చేత్తో కొత్త సాకెట్‌ని గుంటలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ ఖాళీ చూశాక గానీ తను చేసిందేమిటో భార్యకి తెలియలేదు.

ఫోన్ మోగుతూనే ఉంది.