గుప్పెడు గటక

ఆగయ్యను ఊరు ఊరంతా గుమ్మి ఆగయ్య అనేది. వడ్లు పోసుకునే గుమ్మికి కాళ్లు చేతులు మొలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేవాడు. నడుస్తుంటే పొట్ట ముందు, తను వెనుక. దేవరుప్పుల నుంచి దంతాలపల్లి దాకా ఏ ఇంట పెండ్లి జరిగినా, బంతిలో ఆగయ్య కూర్చున్నాడంటే వడ్డించేవాళ్లు కొంగులు బిగించేవాళ్లు. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అని సామెత ఉంది గానీ, అందులో ముందు సగమే ఆగయ్యకు అతుకుతుంది. పని దగ్గర అతనికి వంక పెట్టిన నోరు లేదు.

అతని పని మోట కొట్టడం. తనకూ పోశాలుకూ ఉమ్మడిగా ఒక బావి ఉండేది. ఎడ్లు మోట బాట దిగుతుంటే, వాటిని తోలేవాడు బొక్కెన లాగే మోకు మీద కూర్చోవాలి. మనిషి బరువుకు నీళ్ల బొక్కెన సులువుగా పైకి వస్తుంది. ఆగయ్య కూర్చుంటే ఎడ్లకు సగం పని తప్పేది. "ఆగన్న మోకు మీద కూసుంటె ఎడ్లు ఉత్తగనే నడుస్తయి" అనేవాడు పోశాలు. ఒంటిని చూసి నవ్వేవాళ్లు నవ్వనీ, ఆ ఒంటితోనే రెండు కుటుంబాల మడులు తడిసేవి. ఆగయ్యకు ఆ సంగతి తెలుసు, దాని మీద కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ కడుపులో పుండు పుట్టింది. రజాకార్ల గడబిడలో మొదలైన నొప్పి, పోలీసు చర్య జరిగి నిజాము పోయినా పోలేదు. మిలిట్రీ ఊళ్ల మీద పడి కమ్యూనిస్టు దళాల వాళ్లను వెదుకుతున్న ఎండాకాలంలో, ఒకనాడు పొద్దున్నే గిన్నెడు నెత్తురు కక్కుకుని పడిపోయాడు. ఊళ్లో మొగవాళ్లలో కొందరు అడవిలో, కొందరు క్యాంపుల్లో, మిగిలినవాళ్లు భయంలో. మంచం మీద వేసి జనగామ రైలు టేషన్ దాకా మోయడానికి దొరికింది నలుగురే. ఆ నలుగురిలో తండా నుంచి వచ్చిన భద్రు ఒకడు. మంచం కట్టె భుజం మీద పెట్టుకున్నాక టేషన్‌లో తప్ప దించలేదు. భుజం తోలు ఊడి వచ్చింది. దారిలో ఆగయ్య "దించుండ్రి తమ్మీ, నేనెట్లయిన బతుక" అని మూలిగితే, భద్రు రొప్పుతూనే అన్నాడు: "నువ్వు సచ్చినా దించ, బతికినా దించ. నోర్మూసుకోని పండుకో అన్నా."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఆగయ్య కడుపును మిషన్ దవాఖానలో తెల్లదొర చించి, జీర్ణకోశంలో మూడు పాళ్లు తీసేసి, ఒక్క పాలు మిగిల్చి కుట్టాడు. ఇంటికి పంపేనాడు అబ్రహాం అనే కాంపౌండరు దొర చీటీ కింద తెలుగులో కూడా రాసి ఇచ్చి, చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. "దోసిలి కాదు పెద్దాయనా, గుప్పెడు. రోజుకు ఆరు మాట్ల. ఆకలైనా కాకున్నా ఏళకు తినాలె. ఆశపడి ఎక్కువ తింటివా, పానం మీదికొస్తది."

బతికి వచ్చాడు గదా, ఇంకేం కావాలి అనుకున్నారు అందరూ. అసలు కష్టం అక్కడే మొదలైంది.

నాలుగు నెలల్లో గుమ్మి కరిగిపోయింది. పొట్ట ఉన్న చోట తోలు మడతలుగా వేలాడింది. అంగీ ఇద్దరికి సరిపోయేట్టయింది. సొంత కుక్క రెండు రోజులు మొరిగింది. ఊళ్లో హాస్యాలకేం కరువు? "గుమ్మి పాయె, సిబ్బి మిగిలె" అన్నారు, గంజి వార్చే పలచటి మూతతో పోల్చి. ఆగయ్య కూడా నవ్వాడు. నవ్వి, ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మోకు మీద కూర్చుంటే బొక్కెన సగంలో ఆగింది. ఎడ్లు ఆగి వెనక్కి చూశాయి, వెనుక మనిషి ఉన్నాడా లేడా అన్నట్టు.  మర్నాడు పోశాలు ఇసుక నింపిన గోనెసంచి తెచ్చి మోకుకు కట్టి, పక్కన కూర్చొమ్మన్నాడు. మంచి మనసుతోనే చేశాడు. కానీ నా బదులు ఇసుక పని చేస్తోంది గదా అనుకుంటే ఆగయ్యకు ఏడుపు వచ్చింది.

తిండి సంగతి ఇంకా అన్యాయం. ఆకలి కడుపులో లేదు, నోట్లో ఉంది. పక్కింట్లో పుల్లటి పుంటికూర ఉడికితే నోరూరేది. నాలుగు ముద్దలు దిగేసరికి రొమ్ము కింద రాయి పెట్టినట్టయ్యేది. ఒకసారి చిన్న బెల్లం గడ్డ దొంగతనంగా తిన్నాడు. తిన్న కాసేపటికి ఒళ్లంతా చెమటలు, గుండె దడదడ, కళ్ల ముందు చీకట్లు. బెల్లానికి భయపడే రోజు వస్తుందని ఆగయ్య కలలో కూడా అనుకోలేదు.

అతనికంటే ఎక్కువ అవస్థ భార్య కట్టమ్మది. ఇరవై ఏళ్లు ఏనుగును సాకినట్టు సాకిన చెయ్యి. గుప్పెడు పెడదామనే కూర్చునేది, చెయ్యి మాత్రం పాత కొలతకే పోయేది. తళెలో జొన్న రవ్వతో వండిన గటక కుప్పగా పడేది. అందులో నాలుగో వంతు తిని ఆగయ్య చేతులు కడిగితే, మిగిలినదాన్ని చూస్తూ కూర్చునేది.

"జర ఇంకో రెండు బుక్కలు తినరాదు?"

"వద్దే. పానం గుంజుతది."

"నా చెయ్యి ఏం జెయ్యనయ్యా, అది నా మాట ఇనకపాయె" అని తన చేతిని తానే కొట్టుకునేది.

పోశాలు బిడ్డ పెండ్లిలో మరీ పరువు పోయింది. ఆ ఊళ్లో బంతిలో కూర్చున్నవాడు అందరూ తినేదాకా లేవకూడదు. మధ్యలో లేస్తే ఆ ఇంటి అన్నాన్ని తన్నినట్టే. ఆగయ్య గుప్పెడు తిని, చెమటలు పడుతుంటే ఇక తాళలేక లేచి బయటికి నడిచాడు. బంతి బంతంతా చేతులాపి చూసింది. పోశాలు వెంట వచ్చి, "ఏందే ఆగన్నా, మా ఇంట్ల బువ్వ చేదయిందా? ఎన్నడు లేంది, రోగమని నాటకాలా?" అన్నాడు.  ఆ తర్వాత ఇద్దరూ ఒకే బావి మీద పని చేశారు గానీ మాట్లాడుకోవడం తగ్గింది.

కట్టమ్మ రోజూ మూడు మూటలు కట్టి ఇచ్చేది. మోదుగాకులో ఆగయ్య తన గుప్పిటితో కొలిచి పెట్టిన గటక, పైన ఇంత తొక్కు, చుట్టూ గుడ్డ. ఇంట్లో మూడు మాట్ల, చేను దగ్గర మూడు మాట్ల తింటే లెక్క సరి. ఆ రోజుల్లో మూటతో ఊరు దాటడం మాటలు కాదు. దళాలకు కూడు పోతోందని క్యాంపు పోలీసులు ఊరి చివర కాపలా పెట్టారు. మనిషికి ఒక పూట తిండి కంటే ఎక్కువ కనబడితే వీపు చిట్లిపోయేది. పోలీసు పటేలు "వానిది రోగపు కూడు, పోనియ్యుండ్రి" అని చెప్పి ఉన్నందున ఆగయ్యను మాత్రం వదిలేసేవాళ్లు.

అప్పుడు తెలిసింది భద్రు సంగతి. దళంలో చేరి తిరుగుతున్న భద్రు పిక్కలో తూటా దిగి, వాగవతల ఈతవనంలో పడి ఉన్నాడు. తండా చుట్టూ కాపలా. కూడు పెట్టే దిక్కు లేదు. ఆ మాట విన్న పూట ఆగయ్య గటక ముట్టలేదు. కట్టమ్మే అంది: "మూడు మూటలు తీస్కపోయెటోడు నాలుగు తీస్కపోతె ఎవరు సూస్తరయ్యా? నీ రోగం గిప్పుడన్న అక్కరకొస్తది."

దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచీ తన ఒంటి మీద ఆగయ్యకు మొదటిసారి అసహ్యం తగ్గింది. అయిదు రోజులు నాలుగో మూట ఈతవనం చేరింది. భద్రు లేచి కూర్చున్నాడు. ఇంకో వారం తిండి పడితే కుంటుకుంటూనైనా అడవి దారి పడతాడు. దొరికితే మాత్రం భద్రును అక్కడే కాలుస్తారు. ఆ తర్వాత తన వంతని ఆగయ్యకు తెలుసు.

ఆరో రోజు పొద్దున కాపలా దగ్గర కొత్త జమేదారు ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చినవాడు, సన్నటి మీసం, చేతిలో బెత్తం. చేలకు పోయే జనాన్ని వరుసలో నిలబెట్టాడు. ఆగయ్య వెనుకే పోశాలు ఉన్నాడు.

"ఏంట్రా ఈ మూటలు? ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కడివేనా?"

"నాయే సారూ. నాకు కడుపు కోసిన్రు. గిట్ల జరజర తినాలె."

"గిట్ల, జరజర! సరిగ్గా మాట్లాడి చావు." బెత్తంతో అంగీ ఎత్తాడు. బొడ్డు పై నుంచి రొమ్ము దాకా కుట్ల మచ్చ. జమేదారు మొహం మారింది. "తూటా తగిలితే కోయించుకున్నావా? ఏ దళంరా నీది?"

ఆగయ్య మొలతాడుకు కట్టుకున్న చీటీ తీసి ఇచ్చాడు. అబ్రహాం రాసిన తెలుగును జమేదారు పైకే చదివాడు. "జీర్ణకోశము చాలా భాగము తీసివేయబడినది. రోజుకు ఆరు మార్లు, గుప్పెడు చొప్పున." మచ్చ గండం గడిచింది. కానీ చీటీ మడుస్తూ జమేదారు మూటలు విప్పించాడు. మూడు మూటల్లో గుప్పెడేసి గటక. నాలుగోదాంట్లో రెండు చేతులకు సరిపడేంత ముద్ద.

మోదుగాకు మీద ఆ ముద్దను చూశాక గానీ ఆగయ్యకు తట్టలేదు. తిండి లేక పడి ఉన్న వయసు మనిషి కోసం అనుకునేసరికి కట్టమ్మ చెయ్యి మళ్లీ పాత కొలతకే పోయింది. అయిదు రోజులుగా ఆ తేడా తన కంటికి ఆనలేదు.

"గుప్పెడు తినేవాడికి ఇంత ముద్ద ఎందుకురా? ఎవడికిది?"

"నాదే సారూ. మా ఇంటిదానికి చెయ్యి చిన్నగ రాదు. ఇరవై ఏండ్లు గింతగింత పెట్టిన చెయ్యి." చెప్పిన మాటలో చివరి సగం నిజం కాబట్టి గొంతు తడబడలేదు.

"నీదేనా? అయితే కూర్చో. నా ముందర తిను. పిసరు మిగిలినా నిన్నే కాదు, దాన్ని కట్టిన ఆడదాన్ని కూడా క్యాంపుకు లాక్కొస్తా."

ఆగయ్య బాట పక్కన కూర్చున్నాడు. వరుసలో ఉన్న జనమంతా చూస్తున్నారు. రోజూ మూడు మూటలే తెచ్చేవాడు నాలుగు తెచ్చాడని పోశాలుకు ఒక్క చూపులో అర్థమైంది. ఎవరి కోసమో కూడా తట్టింది. భద్రు సంగతి తన చెవినా పడింది, ఆనాడు అతనితో పాటు మంచం మోసిన నలుగురిలో తనూ ఒకడు గదా. గొంతు పెంచి అన్నాడు: "తింటడు సారూ! గుమ్మి ఆగయ్య అంటె ఏమనుకున్నరు? వీని తిండి జనగామ దాక తెలుసు!" అన్నాడే గానీ, నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

మొదటి నాలుగు బుక్కలు ఆగయ్యవి. తర్వాతవన్నీ భద్రువి. అయిదో బుక్కకు రొమ్ము కింద రాయి పడింది. పదో బుక్కకు గొంతు మూసుకుంది. నీళ్లు తాగకుండా, నమిలి నమిలి, ఒక్కొక్కటి లోపలికి తోశాడు. ఒకప్పుడు ఇట్లాంటి ముద్దలు ఆరు తిని ఇంకా తళె నాకినవాడు, ఇప్పుడు ఒక్క ముద్దతో యుద్ధం చేస్తున్నాడు. భయంతో, నొప్పితో, ఇది ఆ ఆకలిగొన్న వాడి కూడు గదా అనే పాపంతో కళ్ల నీళ్లు కారాయి. ఆకు ఖాళీ చేసి, అంటిన పిసరు కూడా వేలితో తీసి నాకాడు.

జమేదారు వెంటనే పొమ్మనలేదు. బీడీ ముట్టించి తాపీగా కాల్చాడు. ఆగయ్యకు పట్టిన చెమటలు అంగీని తడిపాయి. గుండె చెవుల్లో కొట్టుకుంది. కక్కితే అబద్ధం బయటపడుతుంది. పళ్లు బిగపట్టి, మట్టిని గోళ్లతో పట్టుకుని కూర్చున్నాడు. పోశాలు దగ్గరికి వచ్చి వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో పెండ్లినాటి కోపం లేదు.

"పో. రేపటి నుంచి అన్నీ గుప్పెడే ఉండాలి, చీటీలో రాసినట్టు," అని జమేదారు మిగతా మూడు మూటలు కాళ్ల దగ్గర పడేశాడు.

పోశాలు భుజం పట్టి వాగు దాకా నడిపించాడు. "బంతిల నుంచి లేచిన్నాడు నిన్ను నానా మాటలంటి, మనసుల పెట్టుకోకే" అన్నాడు. ఆగయ్య తల ఊపి, వాగు దాటి, ఈత చెట్ల చాటుకు పోగానే మోకాళ్ల మీద పడ్డాడు. తిన్నదంతా వచ్చేసింది. గటకలో ఎర్ర చారలు కూడా ఉన్నాయి. భద్రు బువ్వ భద్రు పండుకున్న చోటికి వంద అడుగుల దూరంలో మట్టి పాలైంది. దాని మీద ఇసుక కప్పి, మొహం తుడుచుకుని, ఎంతోసేపటికి గానీ లేవలేకపోయాడు.

భద్రు ఎదురు చూస్తున్నాడు. ఆగయ్య మూడు చిన్న మూటలూ అతని ముందు పెట్టాడు. మూడు బుక్కల్లో మూడూ అయిపోయాయి. భద్రు ఆకులు తిరగేసి చూసి, ఎగతాళిగానే అన్నాడు:

"ఏందన్నా, వదినె చెయ్యి చిన్నగైనట్టుంది?"

ఆగయ్య ఈత చెట్టుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"అయింది తమ్మీ. ఇయ్యాల్నే అయింది."

ఇంటికి పోయి జరిగింది చెప్పాడు. కట్టమ్మ ఏడవలేదు, చేతిని కొట్టుకోలేదు. తన రెండు అరచేతులనూ కాసేపు చూసుకుంది, అంతే. మర్నాడు పొద్దున తానే కొలిచి నాలుగు మూటలు కట్టింది. నాలుగూ గుప్పెడేసి, దేనికీ పిసరు తేడా లేదు. దవాఖాన నుంచి వచ్చిన ఇన్నాళ్లలో ఆమె చెయ్యి కొలత తప్పకపోవడం అదే మొదలు. గుప్పెడుతో బతకడం ఆగయ్యకు అప్పటికే అలవాటైంది. కాలు నిలిచి అడవి దారి పట్టేదాకా ఈతవనంలో భద్రు కూడా అదే నేర్చుకోవాల్సి వచ్చింది.