తట్ట కింద గబ్బిలం

మా అనకాపల్లి చర్చి పెంకుల కింద గబ్బిలాలుండేవి. శనివారం మధ్యాహ్నాలు అమ్మా నేనూ వెళ్లి చర్చి ఊడ్చేవాళ్లం. తలుపులు మూసిన ఆ చల్లని మసకలో చీపురు చప్పుడు వింటుంటే నాకు నిలబడ్డచోటే నిద్ర ముంచుకొచ్చేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. నేను తొమ్మిదో తరగతి.

ఆ రోజు బెంచీ కింద ఒక గబ్బిలం పడివుంది. పట్టపగలు, రెక్కలు సగం పరుచుకుని. అయ్యో పాపం అంటూ అమ్మ ఉత్త చేత్తో తీసింది. అది వేలు కొరికింది. చీమ కుట్టినంత గాటు. అమ్మ కొంగుతో తుడుచుకుని మిగతా చర్చంతా ఊడ్చేసింది.

నాన్న బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. ఆయనకు అన్నిటికీ ఒక పద్ధతి ఉండాలి. కుక్క కరిస్తే దాన్ని పది రోజులు కనిపెట్టి చూస్తారు, బతికుంటే భయం లేదు. గబ్బిలానికీ అంతే అన్నాడు. దాన్ని ఇంటికి తెచ్చి, పెరట్లో తట్ట బోర్లించి, అరటిపండు ముక్క లోపలికి తోసి, కాపలా నాకు అప్పజెప్పాడు. మా ఇంటి తెలివి అలా తెల్లారింది.

నేను బోర్లా పడుకుని తట్ట సందుల్లోంచి చూసేదాన్ని. దాని గుండె కొట్టుకుంటోందో, నాదే కొట్టుకుంటోందో తెలిసేది కాదు. చూస్తూ చూస్తూ అక్కడే నిద్రపోయేదాన్ని.

మూడో రోజు బడినుంచి వచ్చేసరికి అది చచ్చిపోయి ఉంది. పండు ముట్టనే లేదు. జామచెట్టు కింద పాతేసి, తట్ట పక్కకి నెట్టి, ఎగిరిపోయిందని చెప్పాను.

"ఎగిరిందంటే బాగున్నట్టేనే," అన్నాడు నాన్న.

చచ్చిందని చెబితే అమ్మ కూడా చచ్చిపోతుందనిపించింది. చెప్పకపోతే చావదు. పిచ్చి మొహాన్ని, అంతే నా ఆలోచన.

పిచ్చికుక్క కరిస్తే వచ్చే ఆ జబ్బుకి నీళ్లంటే భయం వేస్తుందని బడిలో చెప్పారు. అందుకని గ్లాసుతో అమ్మ వెనకాలే తిరిగాను. ఆమె గుటక వేసేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. కళ్లు మూస్తే గ్లాసులో చిన్న రెక్కలు కదిలేవి.

మూడు రోజులు అలా గడిచాక, దాహం లేకుండా ఎందుకే ఇన్ని నీళ్లు అని అమ్మ విసుక్కుంది. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. అంతా చెప్పేశాను.

నాన్న పరుగున వెళ్లి ఆటో పిలిచాడు. గబ్బిలం కరిచిన మనిషిని చూడటం ఇదే మొదటిసారి అన్నాడు డాక్టరు. పది రోజులు ఆగి చూడటం కుక్కకేగానీ గబ్బిలానికి కాదట. వెంటనే సబ్బుతో కడిగి, ఆ రోజే రావాల్సిందట. ఇప్పటికైనా మించిపోలేదంటూ గాటు చుట్టూ, భుజానికీ ఇంజక్షన్లు చేశాడు. మిగతా డోసులు కూడా అమ్మ ఒక్కటీ మానకుండా వేయించుకుంది. బతికింది.

ఆ మొదటి రోజు తిరుగు ఆటోలో దెబ్బ పడుతుందని నేను అటువైపు తిరిగి కూర్చున్నాను. అమ్మ నా తల ఒళ్లోకి లాక్కుంది.

"నేను సచ్చిపోతానని మూడు రోజులు నువ్వొక్కదానివే మోసేవేటే? సెప్పుంటే ఇద్దరం భయపడేవోళ్లం కదే."