బెన్నీ వంతు

"బెన్నీ సార్ ఇల్లేనా? ఓటీపీ వచ్చింటది, జర చెప్పుండ్రి."

పార్సిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి హెల్మెట్ తీయకుండానే అడిగాడు. హెప్సిబా జవాబు వెతుక్కునేలోపే లోపల ఫ్రిజ్ మీద ఫోన్ టింగుమంది.

బెన్నీ పోయి ఏడాది దాటింది. అతని ఫోన్ మాత్రం ఫ్రిజ్ మీదే, చార్జర్ తీగ చివర, ప్రాణంతో ఉంది. దానికి నెలనెలా రీచార్జి చేయించేది తల్లి ఎస్తేరమ్మ. ఎందుకని అడిగిన వాళ్లకు "నంబరు పోతే మళ్ల రాదంట" అని చెప్పి ఊరుకుంటుంది. హెప్సిబా తమ్ముడి ఫోన్ చేతిలోకి తీసుకుని, తెర మీద వెలిగిన అంకెలను పరాయి మనిషికి చదివి వినిపించింది.

"సార్ లేడా?"

"లేడు."

"రేటింగ్ మంచిగియ్యమనుండ్రి మేడం," అంటూ ఆయన మెట్లు దిగిపోయాడు.

అట్ట మీద ముద్రించిన పేరు బెన్నీది. విప్పకుండానే లోపలున్నదేమిటో ఆమెకు తెలిసిపోయింది. తామాడే కార్డుల ఆట 'గొలుసుకట్టు'కు 'పాత నీరు' అనే అదనపు పెట్టె వస్తున్నదని తెలిసిన రోజే బెన్నీ ముందస్తుగా డబ్బు కట్టేశాడు. అచ్చు పని వాయిదా మీద వాయిదా పడింది. కట్టినవాడు ఆగలేదు.

హెప్సిబా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల గల్లీలోని ఒక జిరాక్స్ దుకాణంలో బైండింగ్ పని చేస్తుంది. పరీక్షల కాలంలో ఆ గల్లీ మొత్తం కాగితం వాసన వేస్తుంది. చిట్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ కాంపౌండరుగా స్థిరపడిన తండ్రి ప్రేమ్ కుమార్ పోయినప్పుడు ఆమె ఇంటర్ చదువుతోంది. మరుసటి వారమే దుకాణంలో చేరింది. డిగ్రీని దూరవిద్యలో ముగించింది. తల్లి జాకెట్లు కుట్టింది. ఇద్దరి సంపాదన కలిస్తే తమ్ముడి చదువూ, ఎల్బీ నగర్ లోపలి కాలనీలో మొదటి అంతస్తు కిరాయీ నడిచాయి. బెన్నీ పెద్దవాడై మందుల గోదాములో బిల్లింగ్ ఉద్యోగంలో చేరాక ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది.

ఆ ఇంట్లో పేక ముక్కలు నిషిద్ధం. రాజు, రాణి బొమ్మలున్న కట్ట కనిపిస్తే ఎస్తేరమ్మ పొయ్యిలో పెట్టేది. అందుకే హెప్సిబా పనిలో చేరిన కొత్తలో అక్కాతమ్ముళ్లు దుకాణంలో మిగిలిపోయిన శుభలేఖల అట్టలు కత్తిరించి సొంత ఆటలు చేసుకున్నారు. ఎవరివో పెళ్లి ముహూర్తాల వెనక రైళ్లూ పులులూ గీసుకుని ఆడారు. అసలైన ముద్రణతో 'గొలుసుకట్టు' ఇంట్లోకి వచ్చినప్పుడు ఎస్తేరమ్మ పెట్టెను తెరిపించి, రాజు లేడనీ పైసలు పెట్టే ఆట కాదనీ నిర్ధారించుకుని వదిలేసింది. అయినా ఆ ముక్కలను ఒక్కనాడూ చేత్తో తాకలేదు. ఊడ్చేటప్పుడు పెట్టెను చీపురుతోనే జరిపేది.

ఆట కష్టమైనది కాదు, కానీ కపటమైనది. ప్రతి ఒక్కరికీ మూడు చెరువులుంటాయి. వాన కార్డు పడితే చెరువులో ఒక నీలిపూస చేరుతుంది. మూడూ ముందుగా నిండినవారిది గెలుపు. ఎదుటివారి చెరువు మీద కబ్జా కార్డు వేస్తే ఆ చెరువు బోర్లా పడుతుంది, దాని పూసలు డబ్బాలోకి పోతాయి. దాన్ని విడిపించుకోవడానికి రెండు పూడికతీత కార్డులు కావాలి. ఈ ఆటలో మొదట ముక్కలు కలపరు. ఎవరి దొంతరను వారే తమకు నచ్చిన వరుసలో పేర్చుకుని, తమ వంతు వచ్చినప్పుడు పై ముక్క తిప్పి ఆడతారు. దొంతర అయిపోయాకే వాడిన ముక్కలన్నీ కలిపి మళ్లీ మొదలుపెడతారు. కాబట్టి పేర్చిన దొంతర అంటే పేర్చినవాడి ఆలోచనే.

దానికి తోడు వాళ్లింటి నియమం ఇంకొకటుంది. ఆట మధ్యలో ఎవరైనా లేచిపోతే ఆట ఆగదు. లేచినవాడి దొంతరలో పై ముక్కను మిగతావారు తిప్పి అతని తరఫున ఆడతారు. పూర్తిగా అతని లాభం చూసే ఆడాలి. ఆ నియమం పెట్టినవాడు బెన్నీయే. ఫోన్ మోగితే చాలు, లేచి బాల్కనీలోకి పోయేది కూడా బెన్నీయే.

చివరి ఆటలోనూ అతనే లేచాడు. అప్పటికి జ్వరం వచ్చి పోతూ ఉంది. "జర ఒళ్లు కాలుతుంది. నేను పండుకుంట, నా వంతు డెక్కే ఆడుతది," అన్నాడు. కానీ మిగతా ముగ్గురూ ఆడలేదు. తేరుకున్నాక కొనసాగిద్దామని, స్నేహితుడు సాత్విక్ బల్ల మీది చెరువులన్నింటినీ ఫోటో తీశాడు. బెన్నీ దొంతరలో మిగిలిన కొద్ది ముక్కలకు హెప్సిబా రబ్బరు బ్యాండు వేసింది. జ్వరం డెంగీ అని తేలింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. బెన్నీ దవాఖాన నుంచి తిరిగి రాలేదు.

ఆ రబ్బరు బ్యాండును ఆమె ఇంతవరకు విప్పలేదు. కింద మూడే ముక్కలున్నాయని రోజూ కాగితంతో బతికే ఆమె బొటనవేలికి తెలుసు. అవి ఏవో మాత్రం తెలియదు. తమ్ముడు ఈ లోకంలో చేయబోయి చేయకుండా ఆగినవి, ఆమెకు తెలిసినంతలో, ఆ మూడే. విప్పి ఆడితే అవి తెలుస్తాయి. తెలిసిన వెంటనే అయిపోతాయి. అయిపోతే ముక్కలు కలపాలి. కలిపాక బెన్నీ పేర్చిన వరుస అనేది ఎక్కడా ఉండదు.

పార్సిల్ సంగతి విని ఆదివారం మధ్యాహ్నం సాత్విక్, తన్మయి వచ్చారు. సాత్విక్‌ది అల్మాస్‌గూడ. అతని తాత జంగయ్య పొలాలు ఇప్పుడు కాలనీలు. తన్మయి గోదాములో బెన్నీ పక్క సీటు, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల అమ్మాయి. ఎస్తేరమ్మ చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, స్త్రీల సమాజం ప్రార్థనకు మళ్లీ వెళ్లింది. ఆకాశం నల్లగా మూసుకొస్తున్నది.

"పాత ఆట తీసేసి కొత్తగా మొదలుపెడదామా అక్కా?" తన్మయి మెల్లిగా అడిగింది. "రూల్సులో ఎలా ఉందంటే, ప్రతి ఒక్కరి డెక్‌లోనూ ఒక 'పాత నీరు' కార్డు చేర్చాలట. అది పడితే కబ్జా అయిన చెరువు పాత నీళ్లతో సహా వెంటనే లేస్తుంది."

హెప్సిబా కొత్త ముక్కను వేళ్ల మధ్య వంచి చూసింది. కాగితం కొంచెం పలుచన, వెనక నీలం కొంచెం ఎక్కువ.

"ఈ కార్డు పెట్టి పాత ఆటే ఆడుదాం," అంది. "సాత్విక్, ఫోటో ఉందా?"

"ఉన్నదక్కా." అతను వెతుక్కోలేదు. వెంటనే తీసి బల్ల మీద పెట్టాడు.

ఫోటోలో నాలుగు వైపులా చెరువులు, ఒక పక్క కషాయం గ్లాసు. అంచున, అప్పుడే బల్ల మీద నుంచి లేస్తున్న నాలుగు వేళ్లు. పూసలను లెక్క ప్రకారం పేర్చారు. హెప్సిబాకు రెండు చెరువులు నిండి ఉన్నాయి, మూడోదానికి ఒక్క పూస తక్కువ. బెన్నీకీ రెండు నిండాయి. కబ్జా నాటికి ఒక్క పూస తక్కువగా ఉన్న అతని మూడోది బోర్లా పడి ఉంది. దాన్ని కబ్జా చేసింది హెప్సిబాయే.

"వాని డెక్‌ల కొత్త కార్డు ఎక్కడ పెడదాం?" సాత్విక్ అడిగాడు.

"అడుగున. వరుస ముట్టద్దు."

ఆమె రబ్బరు బ్యాండు లాగింది. ఏడాదిగా బిగుసుకున్నది తెగిపోయి ఒళ్లో పడింది. బెన్నీ కుర్చీ ముందు దొంతర పెట్టారు. అతని తరఫున తిప్పే పని సాత్విక్‌ది.

మొదటి ముక్క కబ్జా.

"ఎవరి మీద?" అన్నాడు సాత్విక్, తెలిసీ.

"నా మీదనే. నేనే కద ముందున్న. వాని లాభం జూడు, నా మొహం జూడకు."

నిండబోతున్న ఆమె మూడో చెరువు బోర్లా పడింది. తన్మయి వాతావరణం తేలిక చేయబోయింది. "కబ్జా కార్డు పడినప్పుడల్లా మీ తాతయ్య గుర్తొస్తారు సాత్విక్."

"మా తాతది పట్టా భూమి. కాయిదాలున్నయి, ప్లాటు కొంటవా చెప్పు, చూపిస్త."

"వద్దులే బాబూ, వానొస్తే పడవ కూడా కొనుక్కోవాలి."

ముగ్గురూ నవ్వారు. మిగతావారి వంతులు తిరిగాయి. మళ్లీ బెన్నీ వంతు వచ్చింది. ఈసారి పూడికతీత. అతను తన చెరువును విడిపించుకోవడం మొదలుపెట్టాడు. మరో చుట్టు తిరిగింది. మూడో ముక్క మళ్లీ కబ్జా.

"ఓరి దొంగా!" హెప్సిబా ఖాళీ కుర్చీ వైపు వేలు చూపించింది. "కొడ్తవు, తవ్వుకుంటవు, మళ్ల కొడ్తవు. నేను గెలుస్తున్నని ముందుగాల్నే పేర్చి పెట్టుకున్నవా రా? జ్వరమని నటిస్తివి!"

కుర్చీలో నుంచి 'నీకు ఆడుడు రాదు, నన్నంటవెందుకు' అనే మాట రావలసిన చోటు అది. ఎన్నో ఏళ్లుగా ఆ మాట అక్కడే వచ్చింది. ముగ్గురూ తమకు తెలియకుండానే దాని కోసం ఆగారు. బయట వాన రేకుల మీద పడుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడే ఫ్రిజ్ మీద ఫోన్ టింగుమంది.

సాత్విక్ లేచి చూశాడు. "పార్సిల్ మంచిగొచ్చిందా, రేటింగ్ ఇయ్యమంటున్నరు," అన్నాడు. ఫోన్‌ను ఎంత నెమ్మదిగా తిరిగి పెట్టాడంటే, నిద్రపోతున్న మనిషి పక్కన పెడుతున్నట్టుంది.

హెప్సిబా రెండో చెరువు కూడా బోర్లా పడింది. ఒక్కటే మిగిలింది. బెన్నీ పేర్చిన వరుస అక్కడితో అయిపోయింది. కోపం, అభిమానం, చేయి తిరిగిన మోసం కలిసిన ఆ ఆలోచన ఆమెకు పూర్తిగా అర్థమైంది. అందులో ఆమె కోసం దాచిన ప్రేమ సందేశమేమీ లేదు. ఆమెను ఓడించాలనే ఉంది. ఏడాదిలో తమ్ముడు అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి.

తర్వాతి చుట్టులో దొంతరలో చివరిది, అతనెన్నడూ చూడనిది, 'పాత నీరు' పడింది. అతని మూడో చెరువు పాత పూసలతో సహా లేచింది. ఇంకొక్క పూస పడితే బెన్నీ గెలుస్తాడు.

మరో చుట్టు తిరిగింది. బెన్నీ కుర్చీ ముందు తిప్పడానికి ముక్క లేదు.

"ఇగ కలపాలె అక్కా." వాడిన ముక్కల వైపు సాత్విక్ చేయి చాచాడు. హెప్సిబా అరచేయి అతని కంటే ముందు వాటి మీద పడింది.

"వద్దు."

ఆమె చేతి కింద ముక్కలు ఇంకా బెన్నీ వాడిన క్రమంలోనే ఉన్నాయి. ఏది ముందు వేశాడో అడుగు నుంచి చదువుకోవచ్చు.

"పోనీ ఇక్కడికి ఆపుదామా?" తన్మయి అంది. "ఇంకో ఫోటో తీసి పెట్టుకుందాం. మళ్లీ ఎప్పుడైనా..."

హెప్సిబా తల ఊపింది. సాత్విక్ ఫోన్ పైకెత్తాడు.

"పోయినసారి గూడ ఫోటో దీసే లేచిన్రు."

వంటింటి గుమ్మంలో ఎస్తేరమ్మ నిలబడి ఉంది. వెనక తలుపు నుంచి ఎప్పుడు వచ్చిందో, ఆమె చేతిలోని గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. సాత్విక్ చటుక్కున ఫోన్ దించాడు. "వందనాలు ఆంటీ."

"వందనాలు బిడ్డా. గిది ఎవరి వంతు?"

"బెన్నీది," అంది హెప్సిబా.

ఎస్తేరమ్మ గొడుగు మూలకు ఆనించి, పైటకొంగుతో చేతులు తుడుచుకుంది. వచ్చి బెన్నీ కుర్చీలోనే కూర్చుంది. కూతురి చేతిని ఒక్కొక్క వేలూ పట్టి ముక్కల మీద నుంచి తీసింది.

"అమ్మా, నీకు కలపరాదు."

"నాకు రాదా? ప్రతి డిసెంబరు ముప్పై ఒకటో తారీకు చర్చిల వాగ్దానాల కార్డులు కలిపేది ఎవరనుకున్నవ్?"

ఆమెకు తెలిసింది ఆ ఒక్క పద్ధతే. కొత్త సంవత్సరం ఆరాధనలో సంఘమంతా తీసుకునే వాక్యపు కార్డులను కలిపినట్టే, బెన్నీ ముక్కలన్నిటినీ బల్ల మీద బోర్లా పరిచింది. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, అరచేతిని వాటి మీద గుండ్రంగా తిప్పింది. వేళ్లు పైకెత్తే ఉంచింది. మనిషి నేర్పు అందులో కలవకూడదని చర్చిలో ఆమె చెబుతుంటుంది. ఏళ్ల తరబడి చీపురుతో జరిపిన ముక్కలు ఆమె చేతి కింద గరగరమని తిరిగాయి. ఏది ముందో ఏది వెనకో ఇక ఎవరికీ తెలియదు. హెప్సిబా చూస్తూనే ఉంది.

"ఆమెన్," అంది ఎస్తేరమ్మ. "కండ్లు మూసుకొని తియ్యి, హెప్సీ."

"దొంతర పెట్టి పైనుంచి తీయాలి ఆంటీ, రూలు..." తన్మయి మాట మధ్యలోనే ఆగిపోయింది.

హెప్సిబా కళ్లు మూసుకుంది. చేయి తడుముకుంటూ పోయి ఒక ముక్క మీద ఆగింది. వాన అయితే ఆట అయిపోతుంది, బెన్నీ గెలుస్తాడు. ఆమె దాన్ని తిప్పి బల్ల మీద పెట్టి కళ్లు తెరిచింది.

కబ్జా.

"ఏందది? మంచిదేనా?" ఎస్తేరమ్మ అడిగింది.

"వానికి మంచిదే," అంది హెప్సిబా.

బల్ల మీద సాత్విక్ చెరువులున్నాయి, తన్మయివి ఉన్నాయి. ఎవరి మీద అని ఈసారి ఎవరూ అడగలేదు. హెప్సిబా చేయి చాచి, తనకు మిగిలిన ఒక్క చెరువునూ తానే బోర్లా తిప్పింది. నీలిపూసలను ఏరి డబ్బాలో వేసింది.

"తర్వాత ఎవరిది?" తల్లి బెన్నీ కుర్చీలో నుంచి అడిగింది.

"నాదే," అని, హెప్సిబా తన దొంతర మీద చేయి వేసింది.