తల తెగిన నోట్సు

తమిళనాడు ధర్మపురిలో ఒక కళాశాలలో చాలా ఏళ్లుగా గణితం చెబుతున్నాను. ఎమ్మెస్సీ వాళ్లకు టోపాలజీ నా పాఠం. మాది నల్లంపల్లి పక్క తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. ఇక్కడ రాస్తున్నది అక్షరాల తప్పు గురించి కాదు.

టోపాలజీ తెలియని వాళ్లకు రెండు మాటలు. దూరం కొలవకుండా దగ్గర అంటే ఏమిటో చెప్పే శాస్త్రం అది. అందులో మనం నడిచే నేలలాంటి మామూలు స్థలాలతో పాటు, ఎక్కడా కంటికి కనిపించని వింత స్థలాలూ ఉంటాయి. వాటిని కావాలనే కడతారు. ఒక సిద్ధాంతం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో చూడటానికి అవే పనికొస్తాయి. అట్లా కూల్చే స్థలాన్ని ప్రత్యుదాహరణ అంటాం. వంద ఉదాహరణలు చూపినా సిద్ధాంతం నిలబడదు గానీ ఒక్క ప్రత్యుదాహరణతో పడిపోతుంది.

మా కళాశాలల్లో పుస్తకం కంటే సారు నోట్సు పెద్దది. పరీక్షలో సారు నోట్సులో ఉన్నట్టు రాస్తేనే మార్కులని పిల్లల నమ్మకం. ఆ నమ్మకం మేము పెంచిందే. ఉద్యోగంలో చేరిన ఏడు నేను చేత్తో రాసిన నోట్సును గేటు ఎదురుగా ఉన్న జెరాక్స్ కడలో, అంటే అంగడిలో, కాపీ తీయించుకున్నారు. మరుసటేడు ఆ కాపీకి కాపీ. ఆపై ఏడు దానికి ఇంకొకటి. నా అసలు ప్రతి ఇల్లు మారినప్పుడు అటకెక్కింది. నేనే ఒక విద్యార్థి దగ్గర జెరాక్స్ అడిగి తీసుకుని, దాంతోనే పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ముందు రోజు కూర్చుని చదువుకోవడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

రెండేళ్ల కిందట ఒక మంగళవారం, అన్నం తిన్న తర్వాతి పీరియడ్. నోట్సు చూసి బోర్డు మీద ఒక సిద్ధాంతం రాశాను. దాని సారాంశం ఇది: ఒక సమితి లోపలి బిందువులు వరుసగా నడిచి ఎక్కడికి చేరినా, ఆ చేరిన చోటు కూడా సమితి లోపలే ఉంటే, ఆ సమితి మూసుకుని ఉన్నట్టు. అంటే దాని అంచు దానిలోనే ఉన్నట్టు. ఏ స్థలంలోనైనా ఇంతేనన్నాను.

మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. వెల్లిచందై అనే ఊరి పిల్ల. వాళ్లదీ తెలుగు ఇల్లే. తండ్రికి అక్కడ టమాటా తోట ఉంది. చేరిన మొదటి వారంలోనే వచ్చి "సార్, మీరూ ఇంట్లో తెలుగేనంట గదా" అని మురిసిపోయింది. మిగతా పిల్లలు నోట్సు బట్టీ పడితే ఈమె నోట్సుతో పోట్లాడేది.

"సార్, మొదటి చాప్టర్‌లో మీరే ఒక స్పేస్ చెప్పినారు," అంది తమిళంలో. "నిజ సంఖ్యలన్నీ తీసుకుని, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టగలిగినన్ని తీసేస్తే మిగిలేదే ఓపెన్ సెట్ అని. అందులో ఇది తప్పుతుంది సార్."

వినిపించుకోకుండా "తప్పదు, కూర్చో" అన్నాను. ఆమె కూర్చోలేదు. "ఒక్క నిమిషం సార్, చూపిస్తాను" అని బోర్డు వైపు అడుగు వేసింది.

అప్పుడు నేనొక పని చేశాను. ఆమెకు మాత్రమే తెలిసేలా తెలుగులో అన్నాను: "ఈ స్పేస్ మీ నాయన తక్కాళి తోటలో దొరికిందా నీకు?" తక్కాళి అంటే టమాటా, మా మాటల్లో తమిళం అట్లా కలిసిపోయి ఉంటుంది. ఆమె ముఖం చూసి ఆగాల్సింది. ఆగకుండా అదే మాటను తమిళంలోకి మార్చి క్లాసంతటికీ చెప్పాను. నవ్వారు. ఆమె కూర్చుంది. నేను డస్టర్ తీసుకుని తర్వాతి సిద్ధాంతానికి పోయాను.

ఆ సాయంత్రం కాఫీ తాగి, ఆమె తప్పెక్కడుందో కనిపెట్టి మరునాడు క్లాసులో చూపిద్దామని కాగితం తీశాను. నిజం చెప్పాలి, ఇంకోసారి నవ్వించాలనే కూర్చున్నాను. పావుగంటలో పెన్ను కింద పెట్టాను. ఆమె చెప్పిన స్థలంలో ఒక బిందువుకు చేరాలంటే, నడిచే వరుస కొన్ని అడుగుల తర్వాత అదే బిందువు మీద నిలబడిపోవాల్సిందే. వేరే దారి లేదు. సున్నా తప్ప మిగతా సంఖ్యలన్నిటినీ ఒక సమితిగా తీసుకుంటే, లోపల ఉన్న ఏ వరుసా సున్నాకు చేరదు. సిద్ధాంతం ప్రకారం ఆ సమితి మూసుకుని ఉండాలి. కానీ దాని అంచైన సున్నా బయటే ఉంది, కాబట్టి అది మూసుకుని లేదు. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం.

అటక మీద పెట్టె దించి అసలు నోట్సు వెతికాను. ఆ పేజీ దొరికింది. అన్నిటికంటే పైన, నా చేతిరాతతో ఒక వరుస ఉంది: ఈ అధ్యాయమంతా మెట్రిక్ స్పేస్‌ల గురించే. అంటే దూరం కొలవగల మామూలు స్థలాల గురించే. అక్కడైతే సిద్ధాంతం నిజం. కాపీకి కాపీ తీస్తూ పోయేసరికి కాగితం జరిగి పైవరుస తెగిపోయింది.

అది చూసినప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం. తప్పు జెరాక్స్ కడవాడిది, నాది కాదు! ఆ సంతోషం రాత్రి భోజనం దాకా నిలిచింది. తర్వాత, ఈ తల తెగిన కాగితం పట్టుకుని ఎన్ని బ్యాచ్‌లకు ఏ స్థలంలోనైనా ఇంతేనని చెప్పానో లెక్కవేయబోయి మానేశాను. ఏ ఒక్క ఏడూ నాకు అనుమానం రాలేదు.

బుధవారం ఆమె రాలేదు. నిజానికి నాకు కొంచెం ఊపిరి అందింది. గురువారం, శుక్రవారం కూడా రాలేదు. తప్పు దిద్దుతున్నానని క్లాసుకు ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె వచ్చాక చెబుదాంలే అనుకున్నాను. వారం దాటాక, రెండో బుధవారం, ఆఫీసులో హాజరు చూసే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆ వెల్లిచందై పిల్లకు ముందే జ్వరం లీవులుండాయి. ఇంకో నాలుగు దినాలు రాకపోతే హాల్ టికెట్ రాదు. ఏడాది పోయినట్టే. పెళ్లేమన్నా కుదిరిందా ఏమి?"

"తెలియదు" అన్నాను.

గురువారం ఒకటి పోయింది. శుక్రవారం రెండు. శనివారం కళాశాల లేదు. పాలక్కోడు మీదుగా పోయే బస్సెక్కాను. వెల్లిచందై దాకా టికెట్ తీసుకున్నాను. దారిపొడవునా మాటలు కూడబెట్టుకున్నాను. పాలక్కోడు స్టాండులో బస్సు ఆగగానే టీ తాగి ఎక్కుదామని దిగాను. టీ తాగుతుండగా బస్సు కదిలింది. పరుగెత్తితే అందేది. నేను పరుగెత్తలేదు. రెండో టీ తాగి తిరుగు బస్సులో ఇంటికి వచ్చాను. నా భార్య "పోయిన పని అయ్యిందా?" అంటే "అయ్యింది" అన్నాను.

ఆదివారం పోయాను. ఆమె తండ్రి షెడ్డు కింద పెట్టెల్లో టమాటాలు ఏరి పోస్తున్నాడు. నేనెవరో చెప్పగానే చేతులు తుడుచుకుని లేచాడు.

"అయ్యో, సారా! రండి రండి. కబురు పెట్టింటే నేనే వచ్చుందును గదా. ఏమే పాపా, నీళ్లు తీసుకురా! సారు వచ్చినాడు చూడు!" అని కేకేసి, గొంతు తగ్గించాడు. "పాప ఏమన్నా తప్పు చేసినాదా సార్? అడిగితే ఒక్క మాట చెప్పదు. ఇంక చదవనంటాది. నాకు బుర్ర లేదు నాయనా, నేను చదివి ఏమి చేసేది అంటాది. ఇన్నేండ్లు ఫస్టు వచ్చిన పిల్లకు ఉన్నట్టుండి బుర్ర యాడికి పోయింది సార్?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె నీళ్లు తెచ్చింది. రెండో చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. గ్లాసు నా చేతికిచ్చి, పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

"మీరొచ్చింది మంచిదైంది సార్. నా తప్పు యాడుండాదో చెప్పి పోండి. నాకు దొరకలేదు."

పేజీలు తిప్పాను. అదే ప్రత్యుదాహరణ. ఒకసారి కాదు. ప్రతి పేజీలో మొదటినుంచి మళ్లీ రాసింది. ప్రతి అడుగు పక్కనా "ఇక్కడా?" అని రాసి, కొట్టేసి, మళ్లీ కిందికి పోయింది. ఆమె అలిగి రావడం లేదనుకున్నాను. అవమానంతో రావడం లేదనుకున్నాను. ఆమె నన్ను నమ్మింది. సారు తప్పన్నాడంటే తప్పు ఉండి తీరాలని, లేని తప్పును అన్ని రోజులు వెతికింది.

"తప్పు లేదు" అన్నాను.

"అంటే?"

"నువ్వు చెప్పింది సరి. నా నోట్సు తప్పు. నేను తప్పు."

తండ్రి నవ్వాడు. "అంతేనా! నేనేమో అనుకొని భయపడితిని. విన్నావా పాపా, సారే తప్పంట!"

ఆమె నవ్వలేదు. "ఎప్పుడు తెలిసింది సార్ మీకు?"

ఇప్పుడే, నిన్ననే అని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "ఆ దినం సాయంత్రమే" అన్నాను.

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "పన్నెండు దినాలు."

"అవును."

"తక్కాళి తోట అని అన్నారు గదా సార్, అది నేను ఇంట్లో చెప్పలేదు. నాయనకు నొప్పి అయితాదని." తండ్రి ముందే అంది. తండ్రి ముఖం ఆమె వైపు తిరిగింది, తర్వాత నా వైపు. ఆయనకు పూర్తిగా అర్థం కాకపోయినా, చేతిలో పండు పెట్టెలో వేయకుండా అట్లాగే పట్టుకున్నాడు. ఆ రెండు నిమిషాలు నేను చెప్పుకున్న క్షమాపణ ఎట్లా ఉందో నాకు తెలియదు. కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. హాల్ టికెట్ సంగతి చెప్పాను. సోమవారం పోతే మిగిలేది మంగళవారం ఒక్కటే అన్నాను. ఆమె పుస్తకం తీసుకుని లోపలికి పోయింది. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

తండ్రి బస్సు దాకా వచ్చాడు. ఎక్కేటప్పుడు మాత్రం అన్నాడు: "చదువుకున్నోళ్లు సార్ మీరు. నేను పిల్లను ఒక్క మాట అననే. మీరెట్ల అన్నారు?"

సోమవారం ఆమె బెంచీ ఖాళీగానే ఉంది. అయినా చెప్పాను. తప్పు సిద్ధాంతం రాసి కొట్టేశాను. ఆమె ప్రత్యుదాహరణ మొత్తం రాసి, ఇది ఎవరిదో చెప్పాను. తోట గురించి నేనన్న మాట కూడా తమిళంలోనే, అదే గొంతుతో మళ్లీ చెప్పి, అది తప్పన్నాను. చివరి బెంచీ నుంచి ఒకడు చేయెత్తాడు.

"సార్, పరీక్షలో ఏది రాయాల? పాతదా, కొత్తదా?"

నవ్వు వచ్చింది అందరికీ. నాకు రాలేదు. వాణ్ణి అట్లా తయారు చేసింది నేనే.

మంగళవారం తొమ్మిదింటికే స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గర నిలబడ్డాను. పాలక్కోడు నుంచి బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒకదానిలోంచి దిగిన నీలం చున్నీ ఆమెదే అనుకుని కిటికీలోంచి ముందుకు వంగాను. వేరే అమ్మాయి. గంట కొట్టారు. రిజిస్టరు తీసుకుని మెట్లెక్కాను. తలుపు దాకా పోయి ముందు మూడో బెంచీ చూశాను. ఉంది.

ఆమె నా వైపు చూడలేదు. నంబరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అంది, అందరిలాగే. నేను జెరాక్స్ తీసుకురాలేదు. ముందు రోజు సాయంత్రం కూర్చుని చదువుకుని వచ్చాను. తర్వాతి సిద్ధాంతం బోర్డు మీద రాసి తిరిగేసరికి ఆమె చేయెత్తి ఉంది.

"సార్, ఇది ఏ స్పేస్‌లో?"

చెప్పాను. రాసుకుంది. ఆ తర్వాత ఆ సెమిస్టరు అయ్యేదాకా ప్రతి సిద్ధాంతానికీ అదే అడిగింది. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు, తెలుగులో అసలే మాట్లాడలేదు. కొన్నాళ్లకు మిగతా పిల్లలూ అడగడం మొదలుపెట్టారు. రెండుసార్లు జవాబు తెలియక, "చూసి రేపు చెబుతాను, కూర్చోండి" అన్నాను.